రామేశ్వరం: ఒక పూటలో చూసి వచ్చేయాలా, రెండు రాత్రులు ఉండాలా?

మర్రిగూడ కుర్రోడు
అందరికీ నమస్తే. అమ్మానాన్నలను రామేశ్వరం తీసుకెళ్దామని అనుకుంటున్నా. నాన్నకు అరవై దాటాయి. మా ఊళ్లో ఆయన తరం వాళ్లలో చాలామందికి ఉన్న బాధే, ఫ్లోరైడ్ నీళ్లు తాగీ తాగీ మోకాళ్లు, నడుము బిగుసుకుపోయాయి. మెల్లగా నడుస్తాడు కానీ మెట్లంటే కష్టం, కింద కూర్చుంటే ఎవరో ఒకరు లేపాలి. పక్క ఊరి నుంచి ఒక యాత్ర బస్సు పోతోంది, వంటవాళ్లు వెంటే వస్తారు, కంచి నుంచి కన్యాకుమారి దాకా వరసగా గుళ్లు చూపిస్తారట, అందులో రామేశ్వరానికి ఇచ్చింది ఒక్క పూట. తెల్లారుజామున దించి మధ్యాహ్నం భోజనాలు కాగానే ఎక్కిస్తారు. నాన్నేమో "సముద్రం దగ్గర కాసేపు కూర్చోవాల్రా" అంటున్నాడు. ఆయన ఇంతవరకు సముద్రం చూడలేదు, చూసిన పెద్ద నీళ్లంటే గేట్లు ఎత్తినప్పటి నాగార్జునసాగరే. బస్సులో పంపాలా, మేమే సొంతంగా పోవాలా? పోతే ఎన్ని రోజులు ఉండాలి? పోయొచ్చిన వాళ్లు చెప్పండి.

పాలమూరు బాటసారి
బస్సులో పంపు తమ్ముడూ. నేను ఉన్నమాట చెప్తా, తర్వాత ఎవరేమన్నా సరే. పెద్దవాళ్లకు కావాల్సింది టైముకు మన తిండి, తెలిసిన మనుషులు. అక్కడ అరిటాకులో సాంబారన్నం ఒక పూట బాగుంటుంది, రెండో పూటకు మా అవ్వ "కారం లేదు, పచ్చిపులుసు లేదు, ఇదేం తిండి" అని మొదలుపెట్టింది. బస్సయితే పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, రాత్రి రొట్టె, మాట్లాడుకోవడానికి మన ఊరోళ్లు. ఊరు కూడా చిన్నదే, గుడి, దాని చుట్టూ నాలుగు వీధులు, ఆ తర్వాత లాడ్జీలు, ఆ తర్వాత ఇసుక. ఒక పూటలో గుడి అయిపోతుంది. రెండు రాత్రులు ఉండి ఏం చేస్తారు?

గద్వాల అక్క
బాటసారి అన్నా, ఒక పూటలో గుడి అయిపోతుందనేది కాళ్లు బాగున్నవాళ్ల మాట. ఆ పూటలో ఏమేం ఉంటాయో తమ్ముడికి చెప్పనివ్వండి.

ముందు గుడికి తూర్పున అగ్నితీర్థం, అంటే సముద్రమే. అక్కడ మునిగి, ఆ తడిబట్టలతోనే గుడిలోకి వచ్చి 22 తీర్థాల స్నానం. ఇవన్నీ గుడి ఆవరణలోనే ఉన్న బావులు, కొన్ని చిన్న కొలనుల్లా ఉంటాయి. టికెట్ తీసుకుంటే బావి గట్టు మీద నిలబడిన మనిషి తాడు కట్టిన చిన్న బకెట్ లోపలికి వదిలి, ఒక్క గుంజుతో పైకి లాగి, తల వంచమని సైగ చేసి మీద గుమ్మరిస్తాడు, నువ్వు కళ్లు తుడుచుకునేలోపు వెనకవాళ్లకు పోసేస్తాడు. అక్కడి నుంచి తర్వాతి బావికి నడక. ఇట్లా కోటితీర్థం దాకా. నేలంతా రాతి పలకలు, పొద్దుటి నుంచి వేలమంది ఒళ్ల నుంచి కారిన నీళ్లతో జారుతూ ఉంటాయి. బస్సువాళ్లు నలభై మందిని ఒకే గుంపుగా తీసుకెళ్తారు, గుంపు పరుగులాంటి నడక నడుస్తుంది. బిగుసుకుపోయిన మోకాళ్లతో మీ నాన్న ఆ గుంపులో ఎట్లా నడుస్తాడు?

అంతా అయ్యాక పొడిబట్టలు మార్చుకోవాలి, తడిబట్టలతో గర్భాలయం వైపు రానివ్వరు. బట్టలు మార్చుకోవడానికి దగ్గర్లో సొంత రూమ్ ఉండటం వేరు, అందరి మధ్యా వరసలో నిలబడి మార్చుకోవడం వేరు, ముఖ్యంగా ఆడవాళ్లకు. అందుకే సొంతంగా పొమ్మంటా. గుడికి తూర్పు వీధిలోనో పడమర వీధిలోనో నేల మీది రూమ్ అడిగి తీసుకోండి. మొదటిరోజు సాయంత్రం ఊరికే దర్శనం. రెండో రోజు తెల్లవారుజామున స్ఫటికలింగ దర్శనం ఉంటుంది, 5 గంటలకు, అది చూసుకుని వచ్చి టిఫిన్ చేసి కాస్త ఎండ వచ్చాక తీర్థాలు. మధ్యాహ్నం గుడి మూస్తారు కాబట్టి అప్పుడు పడక. ఫోన్లు లోపలికి తీసుకుపోనివ్వరు, రూములోనే పెట్టి పోండి.

22 బావులూ తప్పనిసరేం కాదు. మా అత్తమ్మ కొన్నింటి దగ్గర పోయించుకుని మిగతావాటికి దండం పెట్టుకుంది, దేవుడేం లెక్క అడగలేదు.

దేవరకొండ టీచరమ్మ
గుడి ఒక్కటే రామేశ్వరం అనుకుంటే బాటసారి గారు చెప్పింది నిజమే, కానీ అది పాంబన్ దీవి. ఆ దీవిలో గుడి ఉన్న ఊరు ఒక మూల. రెండో మూల ధనుష్కోడి. అది చూడకుండా బస్సెక్కి వచ్చేసేవాళ్లను చూస్తే నాకు జాలి, కోపం రెండూ వస్తాయి.

ఒకప్పుడు ధనుష్కోడి పెద్ద రేవు. మద్రాసులో బోట్ మెయిల్ అనే రైలు ఎక్కినవాడు ధనుష్కోడిలో దిగి, అక్కడే స్టీమర్ ఎక్కి సిలోన్‌లో, అంటే ఇప్పటి శ్రీలంకలో, తలైమన్నార్‌లో దిగేవాడు. స్టేషను, కస్టమ్స్ ఆఫీసు, పోస్టాఫీసు, బడి, చర్చి, అన్నీ ఉన్న ఊరు. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను వచ్చింది. ఆ రాత్రి పాంబన్ నుంచి ధనుష్కోడి పోతున్న ప్యాసింజర్ బండి స్టేషనుకు కొద్ది దూరంలో ఉండగానే ఉప్పెన వచ్చి పడింది, వందమందికి పైగా ఉన్న బండిలో ఒక్కరూ మిగల్లేదు. ఊరంతా కలిపి పోయినవాళ్లు వందల్లో కాదు, ఇంకా ఎక్కువ. తర్వాత ప్రభుత్వం అది నివాసానికి పనికిరాని చోటని ప్రకటించింది. మన సావిత్రి, జెమినీ గణేశన్ ఆ సమయంలో రామేశ్వరంలోనే ఉన్నారు, ప్రాణాలతో బయటపడ్డారు. మా అమ్మ ఈ మాట చెప్పకుండా ఆ తుపాను సంగతి ఎప్పుడూ చెప్పలేదు, ఆమెకు ఊరు మునగడం కంటే సావిత్రి గండం గట్టెక్కడమే పెద్ద వార్త.

ఇప్పుడు ఊరి నుంచి చివరి అరిచల్‌మునై దాకా తారురోడ్డు ఉంది, 2017లో తెరిచారు. అంతకుముందు ఇసుకలో జీపులు, వ్యాన్లు ఎగిరెగిరి పడుతూ పోయేవి, మీ నాన్నగారి నడుముకు ఆ ప్రయాణం అయ్యేది కాదు. రోడ్డుకు ఒకవైపు పాక్ జలసంధి, ఇంకోవైపు మన్నార్ సింధుశాఖ. ఒకవైపు నీళ్లు దాదాపు కదలవు, రెండోవైపు అలలు విరుచుకుపడుతుంటాయి. దారిలో పాత చర్చి గోడలు నిలబడి ఉన్నాయి. అవి కట్టింది పగడపు రాళ్లతో. దగ్గరకు పోయి చూస్తే రాయిలో పువ్వుల్లా, చిన్న చిన్న గొట్టాల్లా పురుగు కట్టుకున్న గూళ్లు కనిపిస్తాయి, వేలు పెడితే గరుకుగా గుచ్చుకుంటాయి. గైడ్లు ఎవరూ అది చూపించరు, తుపాను కథ చెప్పి ఫొటో తీసుకోమంటారు.

ఇంకొకటి, అబ్దుల్ కలాం గారి ఇల్లు మసీదు వీధిలో, సమాధి పేయ్‌కరుంబులో. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రైలు రామేశ్వరంలో ఆగడం మానేసి, పేపర్ కట్టలు నడుస్తున్న బండిలోంచి విసిరేస్తుంటే, అవి ఏరి ఊళ్లో వేసిన పిల్లవాడు ఆయన. మా బడి పిల్లలకు ఈ ముక్క చెప్తే రాకెట్ల సంగతి కంటే శ్రద్ధగా విన్నారు. హైదరాబాద్‌లో క్షిపణుల ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టర్‌గా ఉన్న రోజుల్లో నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు కిలోల బరువున్న కాలిపర్లు, అంటే కాళ్లకు ఊతంగా కట్టే పట్టాలు, ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణికి వాడే పదార్థంతో 300 గ్రాముల కాలిపర్ చేయించారు. కాళ్లు సరిగా లేని మనిషిని తీసుకెళ్తున్నారు కాబట్టి గుర్తొచ్చింది. ఇంట్లో మ్యూజియం పై అంతస్తులో ఉంది, ఇరుకు మెట్లు, మీ నాన్నగారిని ఎక్కించకండి. సమాధి దగ్గర మాత్రం నేల మీదే నడక.

పాలమూరు బాటసారి
టీచరమ్మా, మీరు క్లాసు తీసుకుంటే ఎవరైనా పోవాల్సిందే. కానీ నా మాట ఒకటి వినండి, ఆ ధనుష్కోడిలో నీడ లేదు. మేము పోయింది మేలో. ఇసుక మొహానికి కొడుతుంటే కళ్లు తెరవలేకపోయాం. ఆటోవాడు ముందు ఒక రేటు చెప్పి తిరిగొచ్చాక వెయిటింగ్ అని ఇంకో రేటు చెప్పాడు, తమిళంలో కొట్లాడేంత నాకు రాదు, తెలుగులో కొట్లాడితే ఆయనకు అర్థమైంది కానీ అర్థం కానట్టు నిలబడ్డాడు.

గద్వాల అక్క
మేలో ఎవరు పొమ్మన్నారన్నా మిమ్మల్ని 😀

మిర్యాల రైలుపిచ్చి
రైలు సంగతి నాకు వదిలేయండి.

నల్గొండ వాళ్లకు తేలిక దారి: సాయంత్రం మన లైనులో గుంటూరు మీదుగా పోయే చెన్నై ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి చెన్నై. పగలు అక్కడ విశ్రాంతి. సాయంత్రం తాంబరం నుంచి రామేశ్వరం బండి, మర్నాడు పొద్దున్నే దించుతుంది. ఎగ్మూరు వైపు నుంచి సేతు ఎక్స్‌ప్రెస్ లాంటి పాత బండ్లూ ఉన్నాయి. మహబూబ్‌నగర్, గద్వాల వాళ్లయితే కాచిగూడ నుంచి కర్నూలు, కడప మీదుగా చెంగల్పట్టు పోయే బండి పట్టుకుంటే చెన్నైలో దిగే పనే లేదు, రామేశ్వరం బండ్లు చాలావరకు చెంగల్పట్టులో ఆగే పోతాయి. ఇంకో దారి విమానంలో మదురై, అక్కడి నుంచి కారులో నాలుగు గంటలకు అటూఇటూగా. ఖర్చు పెట్టగలిగితే మోకాళ్ల నొప్పులవాళ్లకు అదే మంచిది, కానీ అప్పుడు వంతెన మీద రైల్లో పోయే సంబరం ఉండదు.

వంతెన గురించి రెండు ముక్కలు. పాతది 1914లో తెరిచారు, రెండు కిలోమీటర్ల పైచిలుకు, పడవలు పోవడానికి మధ్యలో రెండు రెక్కలుగా తెరుచుకునేది, ఆ రెక్కలను మనుషులే చేతులతో తిప్పి ఎత్తేవారు. 1964 తుపానులో చాలా గర్డర్లు కొట్టుకుపోతే, యువ ఇంజనీరు శ్రీధరన్‌కు బాగుచేసే పని అప్పజెప్పారు, 46 రోజుల్లో పూర్తి చేశాడు. తర్వాత కొంకణ్ రైల్వే, ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరనే. ఉప్పుగాలికి ఇనుము తినేసి 2022 డిసెంబరులో బండ్లు ఆపేశారు, అప్పటి నుంచి మండపం, రామనాథపురం దాకానే వచ్చేవి. కొత్తది 2025 శ్రీరామనవమి రోజు, ఏప్రిల్ 6న తెరిచారు. ఇందులో 72.5 మీటర్ల పొడవున్న ముక్క మొత్తంగా నిలువునా పైకి లేస్తుంది, మోటార్లతో. మీ నాన్నను పక్కన కూర్చోబెట్టి కిటికీ తెరవండి, రెండువైపులా నీళ్లు తప్ప ఏమీ కనపడదు. సముద్రం చూడలేదన్నావుగా, ఆయనకు ముందు అక్కడే కనపడాలి. మండపం స్టేషను దాటగానే లేపు, అప్పటికి వెలుతురు ఉంటుందా లేదా అనేది బండి ఆలస్యాన్ని బట్టి ఉంటుంది. నిజం చెప్పాలంటే ఈ ఒక్క చోట బండి లేటయితే లాభం.

నకిరేకల్ బోరుబండి
ఈ చర్చ పొద్దుటి నుంచి చదువుతున్నా, బావుల సంగతి వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి, నా బతుకే బోర్లు.

మన దగ్గర 800 అడుగులు పోయినా గ్రానైటే, నీళ్లు పడితే పడ్డాయి లేకపోతే దుమ్ము, పడిన నీళ్లలో ఫ్లోరైడ్. రాయిలోనే ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి, నీళ్లు ఎంత లోతున ఎంతకాలం నానితే అంత కరిగి వస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటే మర్రిగూడ, మునుగోడు వైపు అంతకు ఎన్నో రెట్లు తాగి బతికారు జనం. అందుకే రామేశ్వరం గుళ్లో సముద్రానికి ఇంత దగ్గర్లో, చేతికి అందేంత లోతున ఉన్న బావుల్లో ఉప్పు అంతగా తెలియని నీళ్లు చూసి నేను దండం పెట్టుకోవడం మర్చిపోయి బావిలోకి తొంగిచూస్తూ నిలబడ్డా. వెనకున్న ఆమె తిట్టింది.

సంగతేంటంటే ఆ దీవి అంతా ఇసుక, పగడపు రాయి. కురిసిన వాన నిలబడకుండా కిందికి దిగుతుంది. కింద సముద్రపు నీళ్లు ఇసుకలోకి చొచ్చుకుని ఉంటాయి. మంచినీళ్లు తేలిక కాబట్టి ఉప్పునీళ్ల మీద నూనెలా తేలి నిలబడతాయి. సముద్రమట్టం కంటే ఒక మీటరు ఎత్తున మంచినీళ్లు నిలిచాయంటే దాని కింద దాదాపు 40 మీటర్ల మందాన మంచినీళ్లు ఉన్నట్టు లెక్క. తమాషా ఏంటంటే అక్కడ నాలాంటివాడు బండి తెచ్చి లోతుగా బోరు వేసి మోటారు పెట్టి గుంజితే చెడిపోయేది అక్కడే, పై మంచినీళ్లు తగ్గిన ప్రతి మీటరుకు కింద ఉప్పు 40 మీటర్లు పైకి లేస్తుంది. తాడు, బకెట్ పద్ధతే ఆ నేలకు సరిపోతుంది. తంగచ్చిమఠం దగ్గర విల్లుండి తీర్థం అని ఉంది, అక్కడైతే బావి సముద్రం నీళ్ల మధ్యలోనే ఉంటుంది, చిన్న నడకవంతెన మీద పోయి తోడుకోవాలి. రాముడు బాణం వేసి తెప్పించాడంటారు. నా లెక్క నాకుంది, అయినా నోట్లో పోసుకున్నప్పుడు రాముడి లెక్కే నచ్చింది.

మర్రిగూడ తమ్ముడూ, మీ నాన్నను అక్కడికి తీసుకుపో. వంతెన సాఫీగా ఉంటుంది.

హుజూర్‌నగర్ రైతు
బోరుబండి అన్న చెప్పిన తంగచ్చిమఠంలో మల్లె నారు మడులు కూడా ఉన్నాయి. అక్కడి నుంచి తమిళనాడంతా మల్లె అంట్లు పోతాయి. గుడి చూసి వచ్చేవాళ్లకు ఇవేం తెలుసు, నేను అర పూట అక్కడే ఉన్నా, మా ఆవిడ ఆటోలో కూర్చుని "దేవుణ్ని చూడటానికి వచ్చామా, నారు చూడటానికి వచ్చామా" అని. తెచ్చిన అంట్లు మా నల్లరేగడిలో అంత బాగా రాలేదు, ఇసుక కలిపిన చోట నిలబడ్డాయి.

పాలమూరు బాటసారి
నా బాధ కూడా రాయనివ్వండి. దీవి నిండా తాటిచెట్లు. నల్గొండ, పాలమూరు మనిషికి అన్ని తాళ్లు చూస్తే ఏం గుర్తొస్తుంది? అడిగితే ఒకాయన చెవి పట్టుకుని లెంపలు వేసుకున్నాడు. తమిళనాడులో 1987 నుంచి కల్లు నిషేధం. సున్నం రాసిన కుండలో దించే తియ్యటి పదనీర్ ఇస్తారు, తాటాకు దొన్నెలో. రుచి బాగుంది, కాదనను, తాటిబెల్లం కూడా మంచిది దొరుకుతుంది, కరుపట్టి అని అడగాలి. కానీ అన్ని చెట్ల కింద నిలబడి తియ్యనీళ్లు తాగి రావడం...

దేవరకొండ టీచరమ్మ
యాత్రకు పోయి కల్లు అడిగినవాళ్లు మళ్లీ ఊరు చిన్నది, చూడటానికేం లేదని రాశారన్నమాట.

పాలమూరు బాటసారి
దొరికితే రెండు రాత్రులు ఉండేవాణ్నేమో.

మర్రిగూడ కుర్రోడు
అందరికీ థ్యాంక్స్. మా ఇంట్లో పైకి చదివి వినిపించా, నాన్న బావుల ముక్క రెండుసార్లు చదివించుకున్నాడు. బస్సు వద్దనుకున్నాం. ఇంకో రెండు అనుమానాలు. ఏ నెల మంచిది? ఆయన సముద్రం దగ్గర కూర్చోవాలంటే ఎక్కడ కూర్చోబెట్టాలి, అగ్నితీర్థం దగ్గరా, ధనుష్కోడిలోనా?

గద్వాల అక్క
జనవరి చివర, ఫిబ్రవరి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అటువైపు వానలు, తుపానులు. శివరాత్రికి, ఆడి అమావాస్య, తై అమావాస్యలకు పోవద్దు, కాలు పెట్టే చోటుండదు. తై అమావాస్య జనవరి, ఫిబ్రవరిలోనే వస్తుంది, క్యాలెండర్ చూసుకుని టికెట్ చెయ్.

అగ్నితీర్థం దగ్గర అలలు ఉండవు, నీళ్లు చెరువులా నిలబడి ఉంటాయి, మీ నాన్న మోకాళ్ల దాకా దిగినా భయం లేదు. కానీ శుభ్రం తక్కువ, వదిలేసిన బట్టలు కాళ్లకు తగులుతాయి, ఆ మాట ఎవరూ చెప్పరు, నేను చెప్తున్నా. పిండం పెట్టిస్తామని, పూజ చేయిస్తామని వెంటపడేవాళ్లు ఉంటారు, వద్దంటే వద్దని ఒక్కసారి గట్టిగా అని నడుచుకుంటూ పోండి, ఆగి మాట్లాడితే వదలరు. స్నానం అక్కడ, కూర్చోవడం వేరేచోట.

దేవరకొండ టీచరమ్మ
కూర్చోవడానికి ధనుష్కోడే, కానీ నీళ్లలోకి దిగనివ్వకండి, చివర ప్రవాహాలు లోపలికి లాగేస్తాయి. మధ్యాహ్నం మూడు దాటాక బయల్దేరండి, దారిలో కోదండరామాలయం చూసుకుంటూ. విభీషణుడికి పట్టాభిషేకం చేసిన చోటంటారు, 1964లో చుట్టూ అన్నీ పోయినా అది మిగిలింది. చీకటి పడకముందే పోలీసులు అందరినీ వెనక్కి పంపేస్తారు కాబట్టి మరీ ఆలస్యం చేయొద్దు. ఊళ్లోంచి టౌన్ బస్సులు కూడా అక్కడి దాకా పోతాయి, బాటసారి గారి ఆటోవాడి గొడవ ఉండదు. చలికాలంలో అయితే ఆ నిలవనీళ్లలో ఫ్లెమింగోలు దిగుతాయి. ఒక మడత కుర్చీ తీసుకుపోండి, కింద కూర్చుంటే లేవలేనన్నారుగా. ఇసుకలో కుర్చీ కాళ్లు దిగబడతాయి, కాబట్టి రోడ్డు చివర కట్ట మీద వేయండి.

హుజూర్‌నగర్ రైతు
దుకాణాల్లో పగడపు ముక్కలు, "తేలే రాళ్లు" అని అంటగడతారు, కొనకండి. పగడం చట్టం కింద రక్షణ ఉన్నది, పక్కనే ఉన్నది మన్నార్ సముద్ర జాతీయ పార్కు. దొరికితే ఇబ్బంది మనకే. కారపు పొడి, మామిడి తొక్కు ఇంటి నుంచి కట్టుకుపోండి, అవ్వ గొడవ ఉండదు.

మర్రిగూడ కుర్రోడు
సరే, ఫిబ్రవరికి చూస్తున్నా. అమావాస్య తప్పించి. ముగ్గురికీ ఒకే టికెట్ మీద చేసేస్తా.

మిర్యాల రైలుపిచ్చి
ఆగు ఆగు, ఒకే టికెట్ మీద చేయకు. సీనియర్ సిటిజన్ లోయర్ బెర్త్ కోటా ఒక్కరికో, ఇద్దరికో అయితేనే పనిచేస్తుంది, మూడో మనిషి చేరితే ఆ కోటా పోయినట్టే, అప్పుడు మీ నాన్నకు పై బెర్త్ పడితే ఎవరిని బతిమాలుతావ్? అమ్మానాన్నలకు ఆ కోటాలో వేరే టికెట్, నీకు జనరల్‌లో వేరే టికెట్. బుకింగ్ 60 రోజుల ముందు పొద్దున 8 గంటలకు తెరుస్తారు. తాంబరం బండికి ముందు చెయ్, అది దొరికాక చెన్నై బండి, వచ్చేటప్పటివి కూడా అదే వరసలో. పీఎన్‌ఆర్ పడ్డాక ఏ కోచ్ వచ్చిందో ఇక్కడ పెట్టు, వంతెన మీద ఏ వైపు కిటికీ పడుతుందో చూసి చెప్తా. నంబరు మాత్రం బయట పెట్టకు, కోచ్, బెర్త్ చాలు.